యుద్ధం తర్వాత సబురో సకాయ్ ఏమయ్యారు?

ప్రశ్న: జపాన్ నౌకాదళ ఫైటర్ పైలట్ సబురో సకాయ్ తలకు తూటా తగిలిన స్థితిలో వెయ్యి కిలోమీటర్లు విమానం నడిపి తిరిగి వచ్చారని, 64 విమానాలు కూల్చారని చదివాను. ఇందులో ఎంత నిజం ఉంది? యుద్ధం ముగిశాక ఆయన ఎలా బతికారు? ఒక వ్యాసం కోసం అడుగుతున్నాను.

సమాధానం:

తిరుగు ప్రయాణం నిజం. 64 అనే లెక్క మాత్రం నిలబడదు. యుద్ధం తర్వాత ఎలా బతికారన్న ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. సకాయ్ గురించిన వ్యాసాల్లో చాలావరకు, గాయపడ్డ ఆయన విమానం న్యూగినీ దగ్గరి జపాన్ స్థావరం రబౌల్‌లో దిగడంతో ఆగిపోతాయి. అప్పటికి ఆయనకు ఇంకా 26 ఏళ్లు నిండలేదు. ఆ తర్వాత మరో 58 ఏళ్లు జీవించారు. నేను విమాన ఇంజన్ల నిర్వహణలో పనిచేసి విరమణ పొందినవాణ్ణి. పసిఫిక్ యుద్ధపు వైమానిక చరిత్రను చాలా కాలంగా చదువుతున్నాను. అందువల్ల ఇంజన్ సంగతి వచ్చిన చోట కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈయన కథలో అది నిజంగా ముఖ్యం కూడా.

సకాయ్ 1916 ఆగస్టులో క్యుషు ద్వీపంలోని సాగా ప్రాంతంలో పుట్టారు. సమురాయ్ వంశమనే పేరు మిగిలింది కానీ, ఇంట్లో ఉన్నది పేద రైతు బతుకు. పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. ఏడుగురు పిల్లలను పెంచే భారం తల్లి మీద పడింది. టోక్యోలో ఉన్న బంధువు చదివిస్తానని తీసుకెళ్లారు, ఆ చదువు సాగలేదు. 1933లో, పదహారేళ్ల వయసులో, సాధారణ నావికుడిగా నౌకాదళంలో చేరారు. కిరిషిమా, హరునా అనే యుద్ధనౌకల్లో పనిచేశారు. 1937లో పైలట్ శిక్షణకు ఎంపికై, తరగతిలో మొదటివారిగా నిలిచి, చక్రవర్తి పేరిట ఇచ్చే వెండి గడియారం అందుకున్నారు. మరుసటి ఏడాదే చైనా యుద్ధానికి వెళ్లారు.

నౌకాదళ పైలట్ అనగానే విమానవాహక నౌక మీది నుంచి ఎగిరేవాడు అనుకుంటాం. సకాయ్ యుద్ధం చేసింది మాత్రం నేల మీది స్థావరాల నుంచే. జపాన్ నౌకాదళానికి ద్వీపాల్లో, తీరాల్లో సొంత వైమానిక దళాలు ఉండేవి. సకాయ్ పనిచేసిన తైనాన్ దళం 1941 చివర్లో ఫార్మోజాలో, అంటే నేటి తైవాన్‌లో, ఉండేది. అక్కడి నుంచి ఫిలిప్పీన్స్‌లోని అమెరికా స్థావరాలపై దాడి చేయాలి. పోను 800 కిలోమీటర్ల పైనే, రాను మళ్లీ అంతే, మధ్యలో పోరాటం. ఇది ఫైటర్ విమానాలకు సాధ్యం కాదనుకుని మొదట చిన్న విమానవాహక నౌకలను వాడాలని యోచించారు. ఆ అవసరం లేకుండా చేసింది పైలట్లే.

ఎలాగంటే, ఇంజన్ చుట్లు బాగా తగ్గించి, ఇంధన మిశ్రమాన్ని వీలైనంత పలచన చేసి, నెమ్మదిగా ఎగరడం సాధన చేశారు. సకాయ్ చెప్పిన లెక్క ప్రకారం, మామూలుగా గంటకు 35 గ్యాలన్లు తాగే ఇంజన్‌ను ఆయన 17 గ్యాలన్ల లోపుకు తెచ్చారు. వినడానికి తేలిక. మిశ్రమం అవసరానికి మించి పలచనైతే ఇంజన్ వేడెక్కుతుంది, తడబడుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. శబ్దంలో, కంపనంలో వచ్చే చిన్న తేడాను పట్టుకుని, సరిగ్గా ఆ అంచు మీదే గంటల తరబడి నిలపాలి. ఇంజన్ల మధ్య బతికినవాడిగా చెబుతున్నాను, ఇది కాక్‌పిట్‌లో ఉన్న మనిషి చెవికీ చేతికీ సంబంధించిన విద్య. ఆయన ప్రాణం నిలిపిన వాటిలో ఇదొకటి. 1941 డిసెంబరు 8 ఉదయం ఫార్మోజాలో పొగమంచు వల్ల బయలుదేరడం ఆలస్యమైంది. తీరా వారు ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్ స్థావరం చేరేసరికి అమెరికా విమానాల్లో చాలా భాగం నేల మీదే ఉన్నాయి.

1942 ఏప్రిల్ నుంచి న్యూగినీలోని లే స్థావరం. హిరోయోషి నిషిజావా, తోషియో ఓటా ఆయన సహచరులు. జున్‌ఇచి ససాయ్ వారి అధికారి. జపాన్ నౌకాదళంలో అధికారులకూ, నావికులుగా చేరి పైలట్లయిన వారికీ మధ్య పెద్ద గోడ ఉండేది. వసతి వేరు, తిండి వేరు. వందల గంటలు ఎగిరిన నావికుడు నిన్నగాక మొన్న వచ్చిన అధికారి వెనుక ఎగరాల్సిందే. ససాయ్ అలాంటివారు కారు. తన కింది పైలట్లను మనుషులుగా చూశారు. అందుకే సకాయ్ ఆయనను జీవితాంతం తలచుకున్నారు. మిగతా వ్యవస్థ మీది కోపం మాత్రం ఆయనలో ఎన్నడూ చల్లారలేదు. ఆ తర్వాత ఆయన తీసుకున్న నిర్ణయాలు అర్థం కావాలంటే ఈ కోపాన్ని గుర్తుంచుకోవాలి.

ఇక 1942 ఆగస్టు 7. ఆ ఉదయం అమెరికా మెరైన్లు సాలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ మీద దిగారు. రబౌల్ నుంచి అక్కడికి సుమారు 1,040 కిలోమీటర్లు. 27 బాంబర్లకు రక్షణగా తైనాన్ దళం నడిపే జీరో అనే ఫైటర్ విమానాలు బయలుదేరాయి. అంత దూరం వెళ్లాక పోరాడటానికి మిగిలే ఇంధనం కొన్ని నిమిషాలకే.

అక్కడ సకాయ్ ముందుగా తలపడింది అమెరికా విమానవాహక నౌక సారటోగా నుంచి వచ్చిన జేమ్స్ సదర్లాండ్ నడిపే వైల్డ్‌క్యాట్ ఫైటర్‌తో. సకాయ్ వందల తూటాలు కాల్చినా ఆ విమానం పడలేదు. ఆయనే ఆశ్చర్యపోయారు. జీరోలో రెండు 20 మిల్లీమీటర్ల ఫిరంగులు, రెండు 7.7 మిల్లీమీటర్ల మెషిన్‌గన్లు ఉండేవి. ఫిరంగికి ఉన్న గుండ్లు బహు తక్కువ. చిన్న తూటాలు వైల్డ్‌క్యాట్ కవచాన్నీ, తూటా పడినా పూడుకునే ఇంధన ట్యాంకునూ అంత సులభంగా ఛేదించలేవు. జీరోకు ఆ రెండు రక్షణలూ లేవు. అంత తేలికగా ఉండటం వల్లే అది అంత దూరం పోగలిగింది. చివరికి సదర్లాండ్ గాయాలతో పారాచూట్‌లో దూకి, స్థానిక ద్వీపవాసుల సాయంతో బతికి బయటపడ్డారు. ఆయన తుపాకులు అప్పటికే పనిచేయడం లేదు. పడిపోయిన ఆ విమానం శిథిలాలు 1998లో దొరికాయి.

ఆ తర్వాత ఎనిమిది విమానాల గుంపు ఒకటి కనిపించింది. సకాయ్ వాటిని వైల్డ్‌క్యాట్లనుకుని వెనుక నుంచి సమీపించారు. ఫైటర్‌కు వెనుక తుపాకీ ఉండదు కాబట్టి ఆ పద్ధతి సరైనదే. కానీ అవి ఎంటర్‌ప్రైజ్ నౌకకు చెందిన డాంట్‌లెస్ డైవ్ బాంబర్లు. ఒక్కొక్కదాని వెనుక సీట్లో జంట మెషిన్‌గన్‌తో ఒక గన్నర్. అన్నీ ఒక్కసారిగా కాల్చాయి. తూటా సకాయ్ తల పైభాగంలో తగిలింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. కుడి కన్ను పోయింది, ఎడమ కంటిలో రక్తం నిండింది.

ఆ స్థితిలో ఆయన నడిపిన సమయం 4 గంటల 47 నిమిషాలు. మొదట అమెరికా నౌక మీద పడి చనిపోదామనుకున్నానని ఆయనే చెప్పుకున్నారు. నౌకలు కనిపించలేదు. స్పృహ తప్పుతూ, నిద్రతో పెనుగులాడుతూ, తెలిసిన ద్వీపాల ఆకారాలను ఆనవాలుగా పట్టుకుంటూ రబౌల్ చేరారు. ఇంధనం దాదాపు అయిపోయింది. ఫిలిప్పీన్స్ దాడి కోసం నేర్చిన పొదుపు విద్య ఇక్కడ అక్కరకొచ్చింది. దిగాక కూడా ముందు పై అధికారికి నివేదిక ఇచ్చి, ఆ తర్వాతే చికిత్సకు వెళ్లారు. జపాన్‌కు పంపి శస్త్రచికిత్స చేశారు. మత్తుమందు ఇవ్వలేదు. కుడి కంటి చూపు తిరిగి రాలేదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఆ తూటా ఆయనను చంపబోయింది నిజమే. కానీ ఆయనను గ్వాడల్‌కెనాల్ పోరు నుంచి బయటపడేసింది కూడా అదే. ససాయ్ అదే నెల 26న మరణించారు. ఓటా అక్టోబరు 21న. నిషిజావా మరో రెండేళ్లు పోరాడి, 1944 అక్టోబరులో ఒక రవాణా విమానంలో ప్రయాణికుడిగా వెళుతూ మరణించారు. రోజూ వెయ్యి కిలోమీటర్లు వెళ్లి పోరాడి రావడం ఆ దళాన్ని నెలల్లోనే కరిగించింది. సకాయ్ గాయపడకపోయి ఉంటే ఆ జాబితాలో ఆయన పేరూ ఉండేదని నా గట్టి నమ్మకం.

1943లో కొత్త పైలట్లకు శిక్షణ ఇచ్చారు. ఒంటి కంటితో దూరాన్ని అంచనా వేయడం కష్టం. అయినా పైలట్ల కొరత వల్ల 1944 జూన్‌లో జపాన్‌కు దక్షిణాన ఉన్న ఇవోజిమా ద్వీపానికి పంపారు. అక్కడ పదిహేను అమెరికా హెల్‌క్యాట్ ఫైటర్ల మధ్య ఒంటరిగా చిక్కుకుని తప్పించుకున్న ఘట్టం ప్రసిద్ధం. నాకు దానికంటే జులై తొలి వారంలో జరిగింది ముఖ్యం.

ఇవోజిమాలో మిగిలిన కొద్ది విమానాలను కూడగట్టి ఒక ఆదేశం ఇచ్చారు. దారిలో పోరాడవద్దు, టార్పెడోలు విడవవద్దు, నేరుగా అమెరికా నౌకలను ఢీకొట్టండి అని. ఆత్మాహుతి దళాలను అధికారికంగా ఏర్పాటు చేసింది ఆ ఏడాది అక్టోబరులో. ఇది దానికంటే మూడు నెలల ముందు మాట. నౌకలను చేరకముందే హెల్‌క్యాట్లు వారిని అడ్డుకున్నాయి. చాలా విమానాలు కూలిపోయాయి. సకాయ్ తన వెంట ఉన్న ఇద్దరితో తప్పించుకున్నారు. నౌకల జాడ లేదు, వాతావరణం బాగాలేదు, చీకటి పడుతోంది. ఆయన కథనం ప్రకారం, అప్పుడు వెనక్కి తిరగాలని తానే నిర్ణయించి ఆ ఇద్దరినీ స్థావరానికి చేర్చారు. ఆ రోజుల్లో ఆ సైన్యంలో అటువంటి ఆదేశం మీద వెళ్లి బతికి రావడం ఎంత పెద్ద సంగతో ఊహించండి. తన వింగ్‌మ్యాన్‌లలో, అంటే తన పక్కన ఎగిరే జత పైలట్లలో, ఎవరినీ యుద్ధంలో పోగొట్టుకోలేదని ఆయన జీవితాంతం చెప్పుకున్నారు. కూల్చిన విమానాల కంటే దీన్నే గొప్పగా చెప్పుకోవడం ఆయన అలవాటు. మీ వ్యాసానికి ఇరుసు ఏదని నన్నడిగితే ఇదే అంటాను.

నావికుడిగా చేరిన పదకొండేళ్లకు, 1944లో, ఆయన అధికారి అయ్యారు. లొంగుబాటు ప్రకటన వెలువడిన తర్వాత 1945 ఆగస్టు మూడో వారంలో టోక్యో మీదుగా వెళ్లిన అమెరికా బీ-32 బాంబర్లపై జరిగిన దాడుల్లోనూ ఆయన పేరు వినిపిస్తుంది. తర్వాతి రోజుల్లో శాంతి గురించి మాట్లాడిన మనిషి కాబట్టి ఆ భాగాన్ని కొందరు దాటేస్తారు. మీరు దాటేయవద్దు.

ఇప్పుడు పౌర జీవితం. ఓడిన దేశంలో నౌకాదళ పైలట్‌కు ఏం మిగులుతుంది? 1945 చివర్లో ఆక్రమణ అధికారులు జపాన్‌లో విమానయానాన్నే నిషేధించారు. 1952 వరకు పౌర విమానాలు నడపడానికి కూడా వీల్లేదు. అంటే చేతిలో ఉన్న ఒకే ఒక్క విద్య నేరంగా మారింది. 1946లో సైనిక పింఛన్లు రద్దయ్యాయి, 1953లో గానీ తిరిగి రాలేదు. వృత్తి సైనికాధికారులకు ప్రభుత్వ ఉద్యోగాలు లేవు. ఇరుగుపొరుగు చూపు కూడా మారిపోయింది. నిన్నటి వీరులు ఓటమికి కారకులయ్యారు. సకాయ్ కూలి పనులు చేశారు. ఏళ్ల కష్టం తర్వాత సొంతంగా ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సు పెట్టుకున్నారు. ఆయన చెప్పిన ప్రకారం, చనిపోయిన సహచరుల కుటుంబాలకు అక్కడ పని కల్పించడం ఆయన ఉద్దేశాల్లో ఒకటి.

బౌద్ధం వైపు మళ్లి, ఇకపై ఏ ప్రాణినీ చంపనని వ్రతం పట్టారు. దోమను కూడా చంపేవారు కాదని చెబుతారు. ఇలాంటి మాటలు పురాణాలుగా మారడం సులభం కాబట్టి ఆయన బయటికి చేసిన పనులను చూడటం మేలు. కూతురిని అమెరికాకు పంపి చదివించారు. అక్కడి ప్రజాస్వామ్యం ఏమిటో నేర్చుకోవాలన్నది ఆయన కోరిక. ఆమె అమెరికా పౌరుణ్ణే పెళ్లి చేసుకున్నారు. సకాయ్ పలుమార్లు అమెరికా వెళ్లి ఒకప్పటి శత్రు పైలట్లను కలిశారు. వారిలో, 1942 ఆగస్టు 7న తనను కాల్చినవాడిగా భావించే డాంట్‌లెస్ గన్నర్ హెరాల్డ్ జోన్స్ కూడా ఉన్నారు. ముసలితనంలో ఒక కంప్యూటర్ విమాన యుద్ధ ఆట తయారీకి సలహాలు కూడా ఇచ్చారు.

స్వదేశంలో మాత్రం ఆయనకు అంత సాదర స్థానం లేదు. యుద్ధాన్ని మొదలుపెట్టింది ఎవరు, బాధ్యత ఎవరిది అని బాహాటంగా అడిగారు. అధికారుల పొగరు గురించి, కుర్రాళ్లను చావుకు పంపిన సేనానుల గురించి మాట్లాడారు. చక్రవర్తి బాధ్యతను కూడా వదల్లేదు. పాత సహచరుల్లో చాలామందికి ఇది నచ్చలేదు. మాజీ సైనికుల లోకంలో నోరు మూసుకోవడమే మర్యాద అనుకునే రోజులవి. ఆయన మాటతీరు కూడా అందరికీ గిట్టేది కాదు. ప్రతి మాటలోనూ ఆయన సరిగ్గా ఉన్నారని నేను అనను. కానీ నావికుడి అన్నంపళ్లెం నుంచి చక్రవర్తి సింహాసనం వరకు ఒకే ప్రశ్నను పట్టుకుని వెళ్లిన తీరు నాకు గౌరవం కలిగిస్తుంది.

పోలిక కావాలంటే ఇద్దరిని చూడండి. కనామె హరాదా కూడా 1916 ఆగస్టులోనే పుట్టారు, ఆయనా నౌకాదళ ఫైటర్ పైలటే. విమానవాహక నౌకల మీది నుంచి ఎగిరారు, మిడ్వే పోరులో పాల్గొన్నారు, గ్వాడల్‌కెనాల్ దగ్గర గాయపడ్డారు. యుద్ధం తర్వాత వ్యవసాయంతో సహా రకరకాల పనులు చేసి, చివరికి నగానో ప్రాంతంలో చిన్నపిల్లల బడి నడిపారు. తాను కూల్చిన పైలట్ల ముఖాలు కళ్లముందు కదులుతాయని చెబుతూ, 2016లో 99 ఏళ్ల వయసులో మరణించే దాకా యుద్ధానికి వ్యతిరేకంగా మాట్లాడారు. రెండోవారు అమెరికా నౌకాదళానికి చెందిన అలెక్స్ వ్రాచూ. 1944 జూన్ 19న ఎనిమిది నిమిషాల్లో ఆరు విమానాలు కూల్చారు, మొత్తం 19. యుద్ధం తర్వాత నౌకాదళంలోనే కొనసాగి, 1963 చివర్లో విరమించి, తర్వాత బ్యాంకులో ఉద్యోగం చేశారు. గెలిచిన దేశపు పైలట్‌కు దారి తెగలేదు. సకాయ్, హరాదాలకు మధ్యలో ఒక అగాధం వచ్చింది. ఇద్దరూ తమకు తెలియని పనిని మొదటి మెట్టు నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. సకాయ్ స్వభావాన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఆయన తర్వాతి జీవితాన్ని వివరించే వ్యాసాలు ఈ తేడాను చూడవు.

సకాయ్ 2000 సెప్టెంబరు 22న మరణించారు, 84 ఏళ్లు. జపాన్‌లోని అత్సుగి స్థావరంలో అమెరికా నౌకాదళం ఇచ్చిన విందుకు గౌరవ అతిథిగా వెళ్లారు. ఒంట్లో బాగాలేదంటే ఆస్పత్రికి తీసుకెళ్లారు, అక్కడ గుండెపోటుతో పోయారు. ఒక అమెరికన్‌తో కరచాలనం చేస్తూ ఒరిగిపోయారనే కథ కూడా ప్రచారంలో ఉంది. అందంగా ఉంది కదా అని దాన్ని తీసుకోవద్దు.

ఇక 64. ఈ అంకె 1957లో అమెరికాలో ఆయన ఆత్మకథగా వచ్చిన ఆంగ్ల పుస్తకంతో ప్రపంచమంతా పాకింది. ఆ పుస్తకాన్ని రాయడంలో ఒక అమెరికా రచయిత చేయి ఉంది. నాటకీయత కోసం చేర్చినట్టు కనిపించే భాగాలు అందులో చాలా ఉన్నాయి. జపాన్ అధికారిక రికార్డుల ప్రకారం ఆయన లెక్క 28. అందులో ఇతరులతో కలిసి కూల్చినవి కూడా ఉన్నాయి. జపాన్ నౌకాదళం యుద్ధం నడిమిలో వ్యక్తిగత లెక్కలు నమోదు చేయడమే మానేసింది, దళం మొత్తానికి కలిపి రాసేది.

ఇది సకాయ్ ఒక్కరి సమస్య కాదు. గంటకు వందల కిలోమీటర్ల వేగంతో తిరుగుతూ, ముగ్గురు ఒకే విమానాన్ని కాలుస్తారు. అది పొగ కక్కుతూ మేఘంలోకి దూరుతుంది. ముగ్గురూ తామే కూల్చామని నిజాయితీగానే నమ్ముతారు. అది ఇంటికి చేరినా వీరికి తెలియదు. అన్ని దేశాల వైమానిక దళాల్లోనూ ఇదే జరిగింది. లెక్క సరిచూడాలంటే అవతలి పక్షం ఆ రోజు ఎన్ని విమానాలు పోగొట్టుకుందో వారి రికార్డుల్లో చూడాలి.

కాబట్టి మీ వ్యాసంలో 64 అని రాయాల్సి వస్తే, "ఆయన పేరుతో వచ్చిన పుస్తకం చెప్పిన లెక్క" అని తప్పకుండా చేర్చండి. పక్కనే 28 అనే అంకెను, అందులో ఉమ్మడి విజయాలు కూడా ఉన్నాయన్న మాటతో సహా ఇవ్వండి. న్యూగినీలోని శత్రు స్థావరం పోర్ట్ మోర్స్‌బీ మీద ముగ్గురు పైలట్లు శత్రువు కళ్లముందే గిరికీలు కొట్టారన్న కథ కూడా ఆ పుస్తకం నుంచే వచ్చింది, దాన్నీ అదే తీరుగా వాడండి. రబౌల్ తిరుగు ప్రయాణానికి అంత జాగ్రత్త అక్కరలేదు. ఆ పోరులోని చాలా వివరాలు అమెరికా పక్షపు కథనాలతో కూడా సరిపోయాయి.